ఓడే చోట గెలుపు

అమెరికా ఎన్నికల వార్తలలో నన్ను చాలాకాలం తికమకపెట్టిన విషయం ఒకటున్నది. నవంబరులో తమ పార్టీకి బొత్తిగా ఆశలేని రాష్ట్రంలో కూడా, ఆ పార్టీ అభ్యర్థిత్వం కోసం నాయకులు కొన్ని నెలల ముందు హోరాహోరీగా పోరాడుతారు. పంట పండని చేనుకు గట్టు తగాదా దేనికి?

టెక్సాస్‌లో స్థిరపడి, అక్కడి పౌరసత్వం పొందిన మా మేనకోడలిని ఈ మాటే అడిగాను. 1976 తరువాత అధ్యక్ష ఎన్నికలలో ఆ రాష్ట్రం డెమోక్రాట్లను గెలిపించలేదు. "నవంబరులో మా రాష్ట్రం ఎటు మొగ్గుతుందో ముందే తెలుసు, మామయ్యా! ప్రైమరీలోనే నా ఓటుకు విలువ" అన్నదామె.

ఆ మాటలో నిజమెంతో లెక్కలు చెబుతాయి. డెమోక్రాటిక్ పార్టీలో ఒక రాష్ట్రపు ప్రతినిధులను ఓట్ల నిష్పత్తిని బట్టి పంచుతారు. 2008 ఫిబ్రవరి 5న హిల్లరీ క్లింటన్ పెద్ద రాష్ట్రమైన న్యూజెర్సీలో గెలిచి 11 మంది ప్రతినిధుల ఆధిక్యం సంపాదించారు. అదేరోజు చిన్న రాష్ట్రమైన ఐడహోలో బరాక్ ఒబామా 18 మందిలో 15 మందిని గెలుచుకొని, 12 మంది ఆధిక్యంతో ఆ లాభాన్ని పూడ్చివేశారు. నవంబరులో ఐడహో ఆయనను తిరస్కరించింది, న్యూజెర్సీ ఆదరించింది. ప్రైమరీలో ఆయన ఓడిన ఇండియానా సైతం, 1964 తరువాత తొలిసారిగా డెమోక్రాట్ల పక్షం వహించింది.

కనుక "ప్రత్యర్థి కంచుకోటలో గెలిచాను, రేపు కోటనే పట్టుకుంటాను" అనే అభ్యర్థి మాటను నమ్మనక్కరలేదు. ప్రైమరీలో ఓటు వేసేవారిలో అధికులు సొంత పార్టీ అభిమానులే. వారి మనస్సు తెలిసినంత మాత్రాన రాష్ట్రం మనస్సు తెలిసినట్లు కాదు.

అయినంత మాత్రాన ఆ గెలుపు వ్యర్థమనలేము. 2020లో అయోవా, న్యూహాంప్‌షైర్‌లలో దెబ్బతిన్న జో బైడెన్‌ను ఫిబ్రవరి 29న నిలబెట్టినది సౌత్ కరోలినా. అక్కడి డెమోక్రాటిక్ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివారు. మూడు రోజుల తరువాత పోలింగు జరిగిన 14 రాష్ట్రాలలో ఆయన పదింటిని గెలిచారు. నవంబరులో సౌత్ కరోలినా ట్రంప్‌కే దక్కింది. అధ్యక్షుడైనది మాత్రం బైడెనే.

గెలిపించలేనివారికి అభ్యర్థిని ఎన్నుకునే హక్కేమిటని కొందరంటారు. నాకది న్యాయంగా తోచదు. ప్రతిసారీ ఓడే పక్షాన నిలిచి, విసుగు లేక ఓటువేసే మనిషికి పార్టీ ఇవ్వగల గౌరవం అదొక్కటే. మన దేశంలో టిక్కెట్టు ఎవరికన్నది సాధారణంగా పార్టీ పెద్దలే తేలుస్తారు. కార్యకర్త జెండా మోస్తాడు. సౌత్ కరోలినా ఓటరు తన రాష్ట్రాన్ని గెలిపించలేకపోయినా, దేశానికి ఎవరు పోటీపడాలో చెప్పగలిగాడు. అది స్వల్పమైన అధికారం కాదు.