మూడింతల రాకెట్టు

కొలతలన్నీ హెచ్చవేస్తే చిన్న వస్తువు పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీద పెరిగినవాళ్ళం మాత్రం అలా అనుకోవడానికి వీల్లేదు. చిన్నదాన్ని పెద్దది చేసే విద్య మన ఊళ్ళలో తరాలుగా ఉంది. మహాశివరాత్రి వస్తోందంటే కోటప్పకొండ చుట్టుపక్కల పిల్లలు వెదురు బద్దలు కట్టి, రంగు కాగితాలు అంటించి, నడుమ దేవుడి పటం పెట్టి చిన్న ప్రభలు తయారుచేస్తారు. ఆ పక్కనే పెద్దలు ఊరి ప్రభ కడుతుంటారు. పురుషోత్తమపట్నం, కావూరు, యడవల్లి లాంటి ఊళ్ళ నుంచి కొండ కిందికి చేరే ప్రభల్లో 80 అడుగులు, 100 అడుగులు లేచేవి ఉన్నాయి.

చూపుకి రెండూ ఒకటే. కానీ చిన్న ప్రభకి ఒక పిల్లవాడి భుజం చాలు. పెద్దదానికి బండి కావాలి, నాలుగు వైపులా మోకులు కావాలి, గాలి ఎటు తోస్తే అటు ఎదురు లాగి పట్టే మనుషులు కావాలి, దారిలో కరెంటు తీగలు చూసుకునేవాళ్ళు కావాలి, ఊరంతా వేసుకున్న చందాలు కావాలి. ఆకారం మారకుండా ఉండాలంటే లోపల సమస్తం మారాలి. మా మేనల్లుడూ నేనూ ఒక బొమ్మ రాకెట్టును మూడింతలు చేసి కట్టడానికి కూర్చున్నప్పుడు ఈ సంగతే అడుగడుగునా ఎదురైంది.

మేము ఎంచుకున్న నమూనా పేరు ‘బిగ్ బెర్తా’. అమెరికాలో ఎస్టెస్ కంపెనీ 1960ల నుంచి అమ్ముతున్న కిట్టు అది. బొద్దుగా, మొద్దు ముక్కుతో, నాలుగు వెడల్పాటి రెక్కలతో ఉంటుంది. దాని వెనక ఒక మంచి కథ ఉంది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పంపాక అమెరికా కుర్రాళ్ళకి రాకెట్ల పిచ్చి పట్టింది. ఇనుప గొట్టాల్లో మందు కూరి చేతులు పోగొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడుపుతూ బాణసంచా చేయడం తెలిసిన ఆర్విల్ కార్లైల్ అప్పటికే కాగితపు గొట్టంలో ముందుగా తయారైన చిన్న మోటారును రూపొందించాడు. ప్రమాదాల గురించి పత్రికలో రాసిన హ్యారీ స్టైన్ అనే రాకెట్ ఇంజనీరుకి వాటిని పంపించాడు. ఆ మోటార్లను వేలల్లో చేసే యంత్రాన్ని వెర్న్ ఎస్టెస్ నిర్మించాడు. దానికి ‘మేబెల్’ అని పేరు పెట్టుకున్నాడు. అయిదున్నర సెకన్లకొక మోటారు చొప్పున అది చేసేది. ఆకాశం మీద మనసుపడ్డ పిల్లల చేతుల్ని కాపాడినవాళ్ళుగా ఈ ముగ్గుర్నీ నేను గౌరవిస్తాను.

బిగ్ బెర్తా పొడవు 61 సెంటీమీటర్లు, గొట్టం వ్యాసం 41.6 మిల్లీమీటర్లు, బరువు 62 గ్రాములు. మూడింతలు చేస్తే పొడవు 183 సెంటీమీటర్లవుతుంది, అంటే మనిషెత్తు దాటుతుంది. వ్యాసం దాదాపు 125 మిల్లీమీటర్లు. మరి బరువు?

“మామయ్యా, మూడింతలే కదా, 186 గ్రాములేగా?” అన్నాడు మేనల్లుడు.

కాదు. పొడవు మూడింతలు, వెడల్పు మూడింతలు, మందం మూడింతలు. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. బరువు 27 రెట్లు, అంటే కిలోన్నర పైమాటే. గాలి తగిలే వైశాల్యం, బరువు మోసే గొట్టం అడ్డుకోత మాత్రం 9 రెట్లే పెరుగుతాయి. ఒక్కో చదరపు అంగుళం అంతకుముందుకన్నా మూడింతల భారం మోయాలి. ఈ లెక్కని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఎముకల బొమ్మ గీసి మరీ చెప్పాడు. పెద్ద జంతువు ఎముక చిన్న జంతువు ఎముకకి హెచ్చవేత కాదు, దాని లావు వేరే లెక్కలో పెరగాలి.

ఇక సామాను. గొట్టం కోసం మన పొలాల్లో వాడే పీవీసీ పైపునే అచ్చుగా పెట్టుకుని, దాని మీద దళసరి కాగితం పొరలు పొరలుగా జిగురుతో చుట్టి ఆరాక జారదీశాం. ముక్కుకి అమెరికావాళ్ళు తొలిరోజుల్లో బాల్సా చెక్క వాడారు. కృష్ణ దాటితే మనకి అంతకంటే ఆత్మీయమైన తేలిక చెక్క ఉంది. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి అది. లోపల డొల్ల చేసి, సందులు పూడ్చడానికి ఆ బొమ్మల పనివాళ్ళు వాడే మక్కునే వాడాం. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసేది. అది ఆరాక గట్టిగా నిలుస్తుంది, ఉప్పుకాగితంతో రుద్దితే నున్నబడుతుంది.

పారాచూట్ దగ్గర లెక్క మరీ ముచ్చటైనది. చిన్న రాకెట్టుకి 46 సెంటీమీటర్ల గొడుగు చాలు. పెద్దదానికి మూడింతల గొడుగు కడితే రాకెట్టు నేలని గట్టిగా గుద్దుకుంటుంది. బరువు 27 రెట్లయింది కనుక అదే వేగంతో దిగాలంటే గొడుగు వైశాల్యం కూడా 27 రెట్లు కావాలి. అంటే వ్యాసం అయిదు రెట్లకి పైన, దాదాపు 2.4 మీటర్లు. చీర పొడవు అయిదున్నర మీటర్లు. మధ్యకి కోసి రెండు ముక్కల్నీ పక్కపక్కన కుడితే ఇంచుమించు ఆ కొలత వచ్చేస్తుంది. మా అక్క పాత నైలాన్ చీర ఇచ్చి, కుట్టు మిషన్ మీద కుట్టిపెట్టింది.

అన్నిటికన్నా ఆలోచింపజేసినవి రెక్కలు. బాల్సా రెక్కని మూడింతలు చేసి ప్లైవుడ్‌తో కోస్తే గట్టిగానే ఉంటుంది. కానీ ప్లైవుడ్ బాల్సాకంటే ఎన్నో రెట్లు బరువు. ఆ బరువంతా తోక దగ్గర చేరి రాకెట్టు తూకపు బిందువుని వెనక్కి లాగేస్తుంది. రాకెట్టు నిటారుగా పోవాలంటే తూకపు బిందువు, గాలి ఒత్తిడి కేంద్రానికి కనీసం ఒక గొట్టం వ్యాసమంత ముందుండాలి. చిన్నదాన్నయితే పురికొసకి కట్టి తల చుట్టూ తిప్పి చూస్తారు. ముక్కు ముందుకి పెట్టుకుని తిరిగితే సరే. మనిషెత్తు రాకెట్టుని అలా తిప్పలేం. అక్కడ కాగితం, పెన్సిలు రావాలి. నాసాలో సౌండింగ్ రాకెట్ల మీద పనిచేసిన జేమ్స్ బారోమన్ 1966లో ఆ ఒత్తిడి కేంద్రాన్ని కనుక్కునే సూత్రాల్ని పిల్లలకి అందేలా సరళం చేసి ఇచ్చాడు. హైస్కూలు లెక్కలు వచ్చినవాళ్ళు వాటిని వేయగలరు. మేనల్లుడు వేశాడు. ముక్కులో ఎంత బరువు పెట్టాలో గ్రాముల్లో తేలింది. త్రాసు మీద తూచి పెట్టాం. ఆరోజు వాడి ముఖంలో కనిపించిన నమ్మకం పరీక్షలో మార్కులు వచ్చినప్పుడు నేనెన్నడూ చూడలేదు.

చివరికి మోటారు. మోటార్లకి ఇంగ్లిషు అక్షరాలతో తరగతులుంటాయి. ఒక్కో అక్షరం దాటితే శక్తి రెట్టింపు. బిగ్ బెర్తా ‘సీ’ తరగతితో హాయిగా ఎగురుతుంది. దాని గరిష్ఠ శక్తి 10 న్యూటన్ సెకన్లు. బరువుతోపాటు దాన్నీ 27 రెట్లు చేస్తే 270, అంటే ‘హెచ్’ తరగతి. అమెరికాలో కూడా దాన్ని ఎవరుబడితే వాళ్ళు కొనలేరు, పెద్దవాళ్ళయి ఉండి అర్హత పరీక్ష నెగ్గాలి. మన దగ్గర 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది. లైసెన్సు లేకుండా మందు చేయడం నేరం, ఇంట్లో చేయడం ప్రాణాంతకం. పత్తిగింజని అంటిపెట్టుకునే పొట్టి నూగుని ఆమ్లాల్లో నానబెట్టే ఫ్యాక్టరీల నుంచి నైట్రోసెల్యులోజ్ వస్తుంది, తుపాకి మందుగా వాడిన కార్డైట్‌కి మూలం అదే. మన చేలో తెల్లగా విచ్చుకునే పత్తిలోనే అంత శక్తి ఉంది కనుకే దాన్ని తెలిసినవాళ్ళకి వదిలెయ్యాలి. పైగా వేసవిలో మన పొలాల గట్ల మీద ఎండిన పత్తికట్టె కుప్పలు, కళ్ళాల్లో మిరపకాయలు. అక్కడ నిప్పుతో పని పెట్టుకోకూడదు. అందుకే మా రాకెట్టు ప్రతి భాగమూ ఎగరడానికి తగినట్టు కట్టినా, మోటారు గూడు ఖాళీగానే ఉంది. దాన్ని లోటుగా నేను తలచను.

ఆ 125 మిల్లీమీటర్ల కొలత నాకు మరో కారణంగా ఇష్టం. మనకి దక్షిణాన పులికాట్ ఒడ్డున శ్రీహరికోట నుంచి మొట్టమొదట పైకి లేచింది ఆర్‌హెచ్-125 రాకెట్టు. తేదీ 1971 అక్టోబరు 9. పేరులోని అంకె దాని వ్యాసం. ఆర్‌హెచ్ అంటే రోహిణి. ఆ రాకెట్ల పేర్లన్నీ అలాగే మిల్లీమీటర్లలో ఉంటాయి: 75, 125, 200, 300, 560. ఆ వరస చదువుతుంటే ఒక దేశం మెట్టు మెట్టుగా పెద్దది చేయడం ఎలా నేర్చుకుందో తెలుస్తుంది. ఒక్కో సైజు దగ్గరా కొత్త లెక్కలు, కొత్త పని. 22 మీటర్ల ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు 1979 ఆగస్టులో సముద్రంలో పడింది, మళ్ళీ ప్రయత్నించినప్పుడు 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ తోవలోనే హైదరాబాద్‌కి చెందిన స్కైరూట్ సంస్థ ముందు 6 మీటర్ల విక్రమ్-ఎస్ కట్టుకుంది. 2022 నవంబరు 18న అదే శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళింది. పెద్ద రాకెట్టు కట్టదలచినవాళ్ళు చిన్న రాకెట్టు దగ్గర సిగ్గుపడలేదు.

మన బడుల్లో సైన్సు ఫెయిర్ అంటే పిల్లలు అట్టతో రాకెట్టు చేసి, వెండిరంగు పూసి, బల్ల మీద నిలబెడతారు. బహుమతి ఇచ్చి పంపేస్తాం. అక్కడ ఆగకూడదని నా కోరిక. ఆ బిడ్డని పిలిచి, ఇదే రాకెట్టుని మూడింతలు చెయ్యమ్మా అనాలి. అప్పుడు బరువెందుకు 27 రెట్లయిందో, రెక్క ఎందుకు ఊగుతోందో, గొడుగు ఎంత ఉండాలో ఆమే అడుగుతుంది. వడ్రంగి దగ్గరికి వెళ్తుంది, దర్జీ దగ్గరికి వెళ్తుంది, లెక్కల మాస్టారి దగ్గరికి తానుగా వెళ్తుంది. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కాగితం, జిగురు, త్రాసు, పాత చీర, ఓపికున్న ఒక పెద్దమనిషి ఉంటే చాలు. ఏటా వంద అడుగుల ప్రభ లేపగల ఊళ్ళకి, పిల్లల చేత ఆరడుగుల రాకెట్టు కట్టించే శక్తి తప్పకుండా ఉంది.