దారిలో చలువ

వేసవికాలమందు పట్టణమునుండి మంచుగడ్డ కొని ఊరికి తెచ్చిన అనుభవము మీలో కొందరికైనను ఉండును. పెండ్లికో పండుగకో తెచ్చుదురు. దానిని ఊకలో పెట్టి, గోనెసంచి చుట్టి, బండిలో నీడపట్టున ఉంచుదురు. పిల్లలు గోనె విప్పి చూడబోయినయెడల పెద్దలు కేకలు వేయుదురు. నేను చెప్పదలచినది ఆ పనిని గూర్చియే. అయితే నా బండిలో ఉండునది పెండ్లి మంచు కాదు, చంటిబిడ్డల మందు.

నేను వైద్యుడను కాను. హైదరాబాదు పాతబస్తీలో ఒక చిన్న వైద్యపు వ్యాను నడుపువాడను. శాలిబండ, హుసేనీ ఆలం, దూద్‌బౌలి, యాకుత్‌పురా, తలాబ్‌కట్ట, ఇవి నా దారులు. ఆ గల్లీలలో అనేకము మోటారు పుట్టకముందువి గనుక వాటికి మోటారుమీద దయలేదు. వ్యాను కొంతదూరము పోవును. తరువాత నర్సమ్మ పెట్టెను భుజమున వేసికొని నడువవలెను. వ్యాను వెనుక భాగమున ఒక చిన్న ఫ్రిజ్ బిగించియున్నది. దానిలో టీకా మందులుండును. వాటికి కావలసినది 2 డిగ్రీలకు తగ్గక 8 డిగ్రీలకు మించని చలువ. బయట మే నెలలో 40 డిగ్రీలు దాటు దినములు కలవు.

ఇంటి ఫ్రిజ్‌కు గోడలోని కరెంటు చాలును, నడుచుచున్న బండిలో దానిని ఏది నడిపించునని మీరు అడుగవచ్చును. అది మంచి ప్రశ్న. దానికి పాత జవాబొకటి, క్రొత్త జవాబొకటి ఉన్నవి.

పాత జవాబు నిప్పు. కరెంటు రాని దినములలో పల్లెటూరి ఆసుపత్రులలో కిరసనాయిలు దీపముతో నడుచు ఫ్రిజ్‌లు ఉండెడివి. మీలో వృద్ధులు చూచియుందురు. క్రింద దీపము వెలుగుచుండగా పైన మంచు కట్టుట చూచినవారికి నమ్మకము కలిగెడిది కాదు. ఈ యుక్తిని 1922లో స్వీడన్ దేశమందు చదువుకొనుచున్న ఇద్దరు యువకులు, బాల్ట్సర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనువారు కనిపెట్టిరి. దీపపు వేడికి నీళ్ళలో కలిసియున్న అమ్మోనియా ఆవిరియై పైకి పోవును. అక్కడ చల్లబడి ద్రవమగును. ఆ ద్రవము హైడ్రోజను వాయువున్న గొట్టములోనికి జారి మరల ఆవిరియగునప్పుడు పెట్టెలోని వేడిని లాగుకొనును. పిమ్మట నీళ్ళలో కలిసి దీపము దగ్గరకే తిరిగివచ్చును. ఆ పెట్టెలో తిరుగు చక్రము ఒక్కటియు లేదు. ద్రవము తన బరువుచేతనే జారవలెను గనుక పెట్టె సమముగా నిలువవలెను. ఒరిగి చాలసేపు నిలిచినయెడల గొట్టములు చెడును. పోవుచున్న బండిలో అది ఇటు కొంత అటు కొంత ఊగును గనుక అంత హాని లేదు. చిత్రమేమనగా, దారిలో కంటె వాలునేలమీద ఆపినప్పుడే దానికి ఎక్కువ కష్టము.

పాశ్చాత్య దేశములలో పడకయు వంటయు గల ఇల్లువంటి బండ్లు కలవు. వాటిలో అనేకమునకు నేటికిని ఈ జాతి ఫ్రిజ్‌యే ఉండును, గ్యాసు మంటతో నడుచును. బండి పోవుచుండగా ఆ మంట ఉంచవచ్చునా, ఆర్పవలెనా అని వారిలో వారు వాదించుకొందురు. డ్రైవరుగా నాకు ఇందులో వాదము కనబడదు. పెట్రోలు బంకులో మంటతో నిలుచువాడెవడు? బండి దేనినైనను గుద్దుకొని గ్యాసు గొట్టము తెగినయెడల గతి యేమి? పాలు, కూరగాయలు ముందుగా బాగుగా చల్లబడియుండి తలుపు మూసియున్నంతకాలము కొన్ని గంటలు నిలుచును. వాటికొరకు నిప్పుతో ప్రయాణము చేయనక్కరలేదు.

క్రొత్త జవాబు బ్యాటరీ. మా ఫ్రిజ్ 12 వోల్టులది, చిన్న కంప్రెసరుతో నడుచును, ఒరిగినను అలుగదు. ఇంజను తిరుగుచున్నంతసేపు డైనమో దానికి కరెంటు ఇచ్చును. ఇంజను ఆపినచో అది బ్యాటరీని పీల్చుకొనసాగును. ఆపిన బండిలో దానిని అట్లే వదలినయెడల సాయంకాలమునకు బండి స్టార్టు కాదు. అప్పుడు చలువయు పోవును, బండియు పోవును. అందుచేత మా మెకానిక్కు ఫ్రిజ్‌కు వేరుగా రెండవ బ్యాటరీ పెట్టి, ఇంజను ఆగగానే రెంటికిని సంబంధము తెగునట్లు చేసెను. బండిని నడిపించు బ్యాటరీని ఫ్రిజ్ ముట్టదు.

అయినను మా నర్సమ్మ ఆ ఫ్రిజ్‌ను ఎన్నడును పూర్తిగా నమ్మదు. ఆమె నమ్మునది రాత్రి కట్టిన మంచును, మూసిన మూతను. ఒక కిలో మంచు కరుగుటకు పట్టు వేడితో ఒక కిలో నీళ్ళను 20 డిగ్రీలనుండి మరుగువరకు కాయవచ్చును. అంత వేడిని మంచు తాను మ్రింగి మందును కాపాడును. ఆమె భుజాన మోయు పెట్టెలో అటువంటి మంచుపలకలు నాలుగు ప్రక్కల నాలుగుండును. యంత్రము లేదు, తీగె లేదు. మంచి పెట్టెను మాటిమాటికి తెరువకున్న ఒక దినమంతయు చలువ నిలుచును.

ఒక రంజాను సాయంకాలము మదీనా చౌరస్తా దగ్గర మా వ్యాను రెండు గంటలసేపు చిక్కుకొనెను. ఇఫ్తారు సమయము; జనులు ఒక ప్రవాహమువలె ఉండిరి. ఎండలో దినమంతయు తిరిగి మా నోరు ఎండియుండెను. ప్రక్కన ఆటోలో ఉపవాసముండిన ముసలమ్మ ఒకతె వెనుకనున్న ఫ్రిజ్‌ను చూచి, “బేటీ, చల్లని నీళ్ళు కొంచెమున్నవా?” అని అడిగెను. నర్సమ్మ దిగి, రోడ్డుకవతలి దుకాణమునకు ఆ సందడిలో నడిచిపోయి, నీళ్ళసీసా కొని తెచ్చి ఆమె చేతికిచ్చెను. “అమ్మా, ఆ పెట్టెలో నీళ్ళుంచము. ఉంచినయెడల ప్రతివారికొరకు మూత తెరువవలసి వచ్చును” అనెను. ముసలమ్మ నవ్వి, తన ఖర్జూరములలో రెండు మాకిచ్చెను. మందుల ఫ్రిజ్‌లో అన్నపుగిన్నెయో కూల్‌డ్రింకో పెట్టు అలవాటు కొన్నిచోట్ల నేను చూచియున్నాను. పెట్టువారికి అది చిన్న సంగతిగా తోచును.

చిన్న సంగతి కాదని ఎందుకు చెప్పుచున్నాను? పాలు విరిగినయెడల తెలియును, మాంసము చెడినయెడల ముక్కు చెప్పును. చెడిన టీకా మందు అనేక పర్యాయములు మంచిదానివలెనే కనబడును. దానిని పొందిన బిడ్డకు ఆ దినమున ఏమియు జరుగదు. తల్లి సంతోషముతో ఇంటికి పోవును, కార్డులో తేదీ వ్రాయబడును, బిడ్డకు కాపుదల మాత్రము ఉండదు. ఈ హేతువుచేత 1996లో పోలియో చుక్కల సీసాలమీద ఒక గుర్తు అచ్చువేయ నారంభించిరి. ఒక వృత్తము, దానిలో తెల్లని చతురస్రము. సీసాకు వేడి తగిలినకొలది ఆ చతురస్రము నల్లబడును. చుట్టునున్న వృత్తముతో సమానమైన రంగు వచ్చినయెడల ఆ సీసాను పారవేయవలెను. ఈసారి మీ బిడ్డను తీసికొనిపోయినప్పుడు ఆ గుర్తు చూపుమని అడుగుడి. మంచి నర్సు కోపపడదు.

వేడి ఒక్కటే శత్రువు కాదు. 2016 జూన్‌లో అంబర్‌పేట మురుగునీటిలో, చుక్కల మందునుండి మారి పుట్టిన రెండవ రకపు పోలియో వైరసు కనబడెను. మన దేశములో సహజ పోలియో చివరిసారి 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరాలో ఒక చిన్నదానికి కనబడినది. 2014 మార్చి 27న దేశము పోలియో లేనిదిగా ప్రకటింపబడినది. గనుక ఈ వార్త విని ఊరంతయు కలవరపడెను. జూన్ 20నుండి హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందు వేయుటకు పూనుకొనిరి. చుక్కల మందు గడ్డకట్టినను చెడదు. ఈ సూదిమందు గడ్డకట్టినచో పాడగును. ఫ్రీజరునుండి తీసిన మంచుపలకను వెంటనే దాని ప్రక్కన పెట్టరాదు. పలకను బల్లమీద ఉంచి, దానికి చెమట పట్టువరకును, ఊపినప్పుడు లోపల నీళ్ళ చప్పుడు వినబడువరకును కాచుకొనవలెను. పనికి త్వరపడు ఉదయమున ఆ కొద్దిసేపు నిలుచుట ఎంత కష్టమో చేసినవారికే తెలియును. నర్సమ్మ పలకలను చెవిదగ్గర ఊపి వినుచుండెడిది. నేను ఇంజను స్టార్టు చేయబోగా, “ఆగు తమ్ముడా, చప్పుడు వినబడదు” అని గద్దించెడిది.

మీలో షుగరు వ్యాధికి ఇన్సులిన్ తీసికొనువారున్నారు. పట్టణమున కొని ఊరికి తెచ్చుకొనుటలో ఇదే సంగతి మీకును కలదు. తెరువని సీసాకు 2నుండి 8 డిగ్రీల చలువ కావలెను, అది గడ్డకట్టరాదు. అందుచేత మంచుతో కలిపి సంచిలో వేయకుడి. సీసాను గుడ్డలో చుట్టి, కరుగుచున్న మంచు ప్రక్కన, దానికి తగులకుండ ఉంచుడి. వాడుచున్న సీసా సాధారణముగా సుమారు 4 వారములు ఇంటి నీడలో ఉండవచ్చును. సీసాతో వచ్చు కాగితములో దానికి తగిన గడువు వ్రాసియుండును. ఫ్రిజ్ లేని ఇంటిలో పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, నడుమ చిన్న కుండ పెట్టి, అందులో ఉంచుడి. ఎండ పొడిగానున్న దినములలో అది బాగుగా పనిచేయును, వానకాలమున అంతగా చేయదు. ఇక మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో బస్సు ఎక్కునప్పుడు, ముందుభాగమున ఖాళీగా కనబడుచున్నదని మందుసంచిని డ్రైవరు ప్రక్కనున్న ఇంజను మూతమీద పెట్టకుడి. ఆ రేకు ఎంత కాలునో నాకు తెలియును. ఒడిలో పెట్టుకొనుడి, ఎండ తగులని వైపున కూర్చుండుడి.