సున్నిపెంట విడిది

పరాయి ఊళ్ళో ఒక రాత్రి తల దాచుకునే చోటికి మన పెద్దలు పెట్టిన పేర్లు కొల్లలు. సత్రం, చావడి, మఠం, మజిలీ, బస, విడిది, ముసాఫర్‌ఖానా. దొరలు వచ్చాక ట్రావెలర్సు బంగళా. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఇట్లాంటి మాటల లెక్క నాకు అలవాటు. ఈ లెక్కకు అందని సంగతి ఒకటి ఈ మధ్య నా పూర్వ విద్యార్థి స్కాట్లండు నుంచి రాసి పంపాడు. "మాస్టారూ, నిన్న రాత్రి మేము ఒక ప్రభువుల ఇంట్లో పడుకున్నాం. వాళ్ళు లేరు, ఇల్లుంది. డబ్బు కట్టాం" అని.

అక్కడ పల్లెపట్టుల్లో, కొండలకూ చెరువులకూ నడుమ, భూస్వాముల పాత భవంతులు చాలా ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాలు ముగిసేసరికి పనివాళ్ళు దొరక్క, వారసత్వపు పన్నులు కట్టుకోలేక చాలా కుటుంబాలు వాటిని వదులుకున్నాయి. కొన్ని కూలిపోయాయి, కొన్ని బడులయ్యాయి, కొన్ని హోటళ్ళయ్యాయి. ఇన్వర్‌లోకీ అనే కోటలో 1873లో విక్టోరియా మహారాణి వారం రోజులుండి బొమ్మలు గీసుకుందట. 1969 నుంచి అదే హోటలు. ఇదేమీ మనకు వింత కాదు. హైదరాబాదులో పైగా నవాబు వికారుల్ ఉమ్రా కట్టించుకున్న ఫలక్‌నుమా కూడా 2010 నుంచి హోటలే గదా! వెనకటికి ఆ మెట్లెక్కాలంటే హోదా కావాలి. ఇప్పుడు రొక్కం చాలు.

ఈ ఉత్తరం నేను ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆవిడ నిట్టూర్చి, "మన నంద్యాల పక్కన అట్లాంటిది ఒక్కటీ లేదు" అంది.

"లేకేం?" అన్నాడు మా నాయన, పత్రిక మీంచి కళ్ళెత్తకుండానే. "సున్నిపెంట బంగళా లేదూ?"

మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు.

మా నాయన శ్రీశైలం డ్యాము కట్టే రోజుల్లో అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టరు. 1963 జూలై 24న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ పని ముగిసేసరికి ఇరవై ఏళ్ళ దాకా పట్టింది. అందులో దాదాపు పదేళ్ళు ఆయనవి. మా అమ్మ కథ వేరు. ఆమె పుట్టింది కృష్ణ ఒడ్డున, సంగమేశ్వరం వైపు ఒక పల్లెలో. డ్యాము నిండితే మునిగే సుమారు నూరు పల్లెల్లో అదొకటి. సంబంధం మాట్లాడుకునేనాడు మా తాత, "మన ఊరు ముంచేవాడికి పిల్లనిస్తామా?" అన్నాడని చుట్టాలు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుతారు. ఇచ్చాడు. 1981లో ఊరు ఖాళీ అయింది. ఆ మరుసటేడు నేను పుట్టాను.

మా ఇంట్లో పొద్దున్నే పత్రిక రాగానే మొదట చదివేది శ్రీశైలం నీటిమట్టం. పూర్తి మట్టం 885 అడుగులని నాకు ఎక్కాలకంటె ముందే వచ్చు. నాయన ఆ అంకె చూసేది గేట్లు ఎప్పుడెత్తుతారోనని. అమ్మ చూసేది నీళ్ళు ఎప్పుడు దిగుతాయో, ఎండాకాలంలో సంగమేశ్వరం గుడితోపాటు తమ ఊరి మొండిగోడలు ఎప్పుడు బయటపడతాయోనని. ఒకే అంకె, ఇద్దరికీ రెండు అర్థాలు. నలభై ఏళ్ళ కాపురంలో దీన్ని గురించి వాళ్ళు పోట్లాడుకోగా నేను వినలేదు. మాట్లాడుకోగానూ వినలేదు.

దసరా సెలవుల్లో ఒక ఉత్తరం పుట్టించి, బంగళాలో రెండు గదులు సంపాదించి, అందరం బయలుదేరాం. వెలుగోడు, ఆత్మకూరు దాటి బైర్లూటి దగ్గర అడవిలో పడ్డాం. రాత్రి తొమ్మిదింటినుంచి తెల్లవారి ఆరింటిదాకా ఈ దారి మూసేస్తారు. అది పులుల పొద్దు. రోళ్ళపెంట బోర్డు కనబడగానే మా అబ్బాయి ముక్కు మూసుకుని, "ఊరికి పెంట అని పేరేమిటి నాన్నా?" అన్నాడు. మైదానంలో పెంట అంటే మనం పారబోసే చెత్త. నల్లమలలో పెంట అంటే చెంచుల గూడెం, నాలుగు గుడిసెలున్న కాపురం. అదే మాట, ఇక్కడ ఇల్లు. ఇంజనీర్లూ సిమెంటు బస్తాలూ రాకముందు ఈ కొండ చెంచులదని సున్నిపెంట పేరులోనే ఉంది. ఆ సంగతి చెప్పాక వాడు ముక్కు వదిలాడు.

దారిలో వాడికి మరో కథ చెప్పాను. ఇప్పుడు మనవాళ్ళు స్కాట్లండు వెళ్ళి అక్కడి పాత ఇళ్ళల్లో పడుకుంటున్నారు. 1794లో ఒక స్కాట్లండువాడే ఈ కొండకు వచ్చాడు. లూయిస్ దీవిలో స్టోర్నవే అనే రేవులో పుట్టిన కాలిన్ మెకంజీ. శ్రీశైలం గుడి చూసి అతను రాసిన వ్యాసం కలకత్తాలో 'ఏషియాటిక్ రిసెర్చెస్'లో అచ్చయింది. తరవాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు ఇతనే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములతో కలిసి మన ఊళ్ళ చరిత్రలు పోగు చేయించాడు. వాటినే కైఫీయతులంటాం. ఊళ్ళో ఏ దేవుడు, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరిది, అన్నీ అందులో ఉంటాయి. అతిథిగా వచ్చినవాడు చేయదగిన పని అదేనేమో: వచ్చిన చోటు ఎవరిదో అడిగి తెలుసుకోవడం.

శిఖరం దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని, గుడి దారి విడిచి డ్యాము వైపు దిగాం. గుడి దగ్గర ఉండొచ్చుగదా అని మా ఆవిడ ఒకసారి అంది. అక్కడ బసకు కొదవ లేదు. కులానికొక సత్రం ఉంది. పేరు చెబితే చాలు, ఏ గుమ్మంలోకి పోవాలో తెలిసిపోతుంది. కానీ మేము వచ్చింది అందుకు కాదు.

సున్నిపెంట డ్యాము పని మీద వెలిసిన ఊరు. వేలమంది కూలీలూ, బడులూ, ఆసుపత్రీ, సినిమాలూ, సంతా కలిసి ఒకప్పుడు చిన్న పట్నంలా ఉండేదట. పని ముగిశాక జనం పలచబడ్డారు. తలుపులు లేని క్వార్టర్ల కిటికీల్లో చెట్లు మొలిచాయి. నాయన కారాపించి ఒక మొండిగోడ చూపించి, "ఇదే మన ఇల్లు" అన్నాడు. అమ్మ దిగి, పిచ్చిమొక్కల్లో వంటింటి పొయ్యిగట్టు ఎక్కడుందో వెతికి పట్టుకుని వచ్చింది.

బంగళా మాత్రం నిలబడి ఉంది. ఎత్తయిన కప్పు, మూడువైపులా వరండా, ఎర్ర సిమెంటు గచ్చు, చేతులు చాచుకున్న పాత పడక్కుర్చీలు. మా గది గొళ్ళెం పడదు. బల్ల అడ్డం పెట్టుకున్నాం. వరండాలో అరటిపండు కనిపిస్తే కోతులు మనల్ని అతిథులుగా లెక్కచెయ్యవు. అరవై ఏళ్ళ ఇంటికి చరిత్రేమిటని స్కాట్లండువాళ్ళు నవ్వుతారేమో. ఇంటి చరిత్ర ఏళ్ళలో ఉంటుందా? నాయన ఆ ఇంటి మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"రండి పెద్దాయనా" అన్నాడు కాపలాదారు, పెట్టె అందుకుంటూ.

"ఇంతవరకే వచ్చేవాణ్ణిరా" అన్నాడు నాయన నాతో. "పెద్ద ఇంజనీర్లు దిగినప్పుడు ఆ రోజు ఎంత కాంక్రీటు పోసిందీ ఇక్కడ నిలబడి అప్పజెప్పి పోయేవాణ్ణి. లోపల ఎట్లుంటుందో తెలీదు." ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఆ కాలం మర్యాద అది. చెప్పులు విడవబోతుంటే అమ్మ, "వేసుకునే రా. ఈ పొద్దు మనం చుట్టాలం" అంది.

కాపలాదారు రిజిస్టరు తెచ్చాడు. పేరు, హోదా, ఊరు, వచ్చిన పని. నాయన తన పేరు రాసి, హోదా దగ్గర కాసేపు ఆలోచించి, 'వర్క్ ఇన్‌స్పెక్టర్, రిటైర్డ్' అని గుండ్రంగా రాశాడు. గదికి ఒక పేరు చాలన్నాడు కాపలాదారు. అమ్మ ఒప్పుకోలేదు. "నా పేరూ రాయి నాయనా. ఊరు మాత్రం నేను చెప్పేది రాయి" అని మునిగిన ఊరి పేరు చెప్పింది. అది ఏ మండలమని అడిగాడతను. "మండలాలు రాకముందే పోయింది. ఊరికే పేరు రాయి" అంది. మర్యాదస్తుడు, మరేమీ అడక్కుండా రాశాడు.

రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నాం. చీకటి పడితే కిందికి దిగవద్దని ముందే చెప్పారు, ఎలుగుబంట్లు తిరుగుతాయట. నాయన తన డ్యాము కట్టాడు: నది మళ్ళింపు, రాత్రి పాళీలు, రాతిని పేల్చేముందు ఊదే కూత, కుడిగట్టు విద్యుత్కేంద్రంలో 770 మెగావాట్లు, ఎడమగట్టున కొండ కింద 900. అమ్మ ఊ కొడుతూ విన్నది. ఆయన అలిసి ఊరుకున్నాక, ఎవరూ అడక్కుండానే, తన ఊరు చెప్పడం మొదలుపెట్టింది. రేవు దగ్గర రావి. దాని పక్కన సాలెవారి వీధి. ఏ ఇంట్లో బావి ఉప్పన, ఏ ఇంట్లో తియ్యన. పీర్ల పండగకు ఎవరు గుండం తవ్వేవారు. కరణంగారి అరుగు మీద ఎవరికి కూర్చునే హక్కు ఉండేది, ఎవరికి లేదు. మెకంజీ దొర కైఫీయతు గుమాస్తా పక్కన కూర్చుని రాసుకోవలసినంత వివరంగా చెప్పింది. నాయన ఆమెను ఆపలేదు. మధ్యలో ఒకచోట మాత్రం, "ఆ రావి నాకు తెలుసు. మార్కింగు రాయి దాని కిందే వేశాం" అన్నాడు మెల్లగా. అమ్మ, "వేసింది నువ్వని నాకూ తెలుసు" అంది. అంతే. నలభై ఏళ్ళ మాట అది.

పడుకోబోతూ నాయన అలవాటు కొద్దీ వరండా దీపం ఆర్పబోయాడు.

"ఉండనీ" అంది అమ్మ. "ఆ కరెంటు మా ఊరి మీంచే గదా వస్తుంది."

ఆ రాత్రంతా దీపం వెలిగింది.

పొద్దున్నే డ్యాము మీదికి వెళ్ళాం. జలాశయం నిండుగా ఉంది. పన్నెండు గేట్లూ మూసి ఉన్నాయి. మా అబ్బాయి అవతల పారే నీళ్ళకోసం వెతుకుతుంటే, అమ్మ ఇవతలి నిలకడ నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. నాయన ఈసారి లెక్కలు చెప్పలేదు. ఆమె పక్కన నిలబడి, ఎగువగా పడమటి దిక్కు చెయ్యి చూపించి, "అటు" అన్నాడు. "తెలుసులే" అంది ఆమె. కానీ ఆ చెయ్యి దించేదాకా అటే చూసింది.

మనలో చాలామందికి ఇట్లాంటి విడిది ఒకటి ఉంటుంది. తండ్రి పనిచేసిన గని, తల్లి చదివిన బడి, తాత కాపలాకాసిన తోట. వాటిలో రాణులు బస చేసి ఉండరు. గోడ మీద వాళ్ళ పటాలు వేలాడవు. పెద్దవాళ్ళు చెప్పగలిగిన రోజుల్లోనే ఒకసారి వాళ్ళను అక్కడికి తీసుకుపోయి, ఒక రాత్రి ఉండి రండి. గొళ్ళెం పడకపోయినా ఫరవాలేదు. మేము తిరిగి వచ్చిన మర్నాడు పత్రిక రాగానే నాయన నీటిమట్టం చూసి, పేజీ మడిచి, తిప్పకుండా అమ్మ చేతికిచ్చాడు. "ఇంకా దిగలేదు. ఎండలు రానీ, ఈసారి నేనూ వస్తా" అన్నాడు.