బురుజుల మీద పసుపు పూలు: శాన్ జిమిన్యానో కబుర్లు

మార్చి నెల వచ్చిందంటే శాన్ జిమిన్యానోలో తలెత్తి చూడాల్సిందే. ఇటలీలోని టస్కనీలో, ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ నడుమ కొండ మీదున్న చిన్న ఊరిది. కలిగినవాళ్లు ఒకరితో ఒకరు పోటీపడి కట్టుకున్న రాతి బురుజులు ఒకప్పుడు 72 ఉండేవట. ఇప్పుడు 14 దాకా మిగిలాయి. ఆ గోడల పగుళ్లలో ఈ రోజుల్లో పసుపుపచ్చని పూలు గుత్తులు గుత్తులుగా పూస్తాయి. ఊళ్లోవాళ్లు వాటిని సాంతా ఫీనా పూలంటారు.

పునీతురాలిగా కొలిచే ఆ ఫీనా ఈ ఊరి పిల్లే. పదేళ్లకే జబ్బుపడింది. పరుపు వద్దని ఐదేళ్లు ఓక్ చెక్క మీదే పడుకుని, 1253 మార్చి 12న పదిహేనేళ్ల వయసులో కన్నుమూసింది. ఆమెను పైకెత్తితే చెక్క నిండా ఈ పూలే కనిపించాయనీ, ఊరి గంటలు వాటంతటవే మోగాయనీ చెప్పుకుంటారు. ఏటా మార్చి 12న ఆమె పండగ. ప్లేగు నుంచి కాపాడినందుకు ఆగస్టు మొదటి ఆదివారం మళ్లీ ఆమెనే తలుచుకుంటారు.

పండగనాడు అందరి కాళ్లూ కొల్లెజాతా చర్చి వైపే. 1148లో ప్రతిష్ఠ జరిగిన గుడి ఇది. బిషప్ పీఠం లేకపోయినా ఊరంతా డుయోమో, అంటే కెథడ్రల్, అనే పిలుచుకుంటుంది. బయటి గోడ సాదాసీదాగా ఉంటుంది. లోపలికి అడుగుపెడితే మాత్రం ఒకవైపు పాత నిబంధన కథలు, ఎదురుగా యేసు కథలు గోడల నిండా బొమ్మలై పలకరిస్తాయి. చదువురానివాళ్లకు ఆ గోడలే బైబిలు.

ఫీనాకు అక్కడో చిన్న మందిరం ఉంది. చిత్రకారుడు గిర్లాందాయో 1470లలో వేసిన బొమ్మల ముందు కాసేపు నిలబడాలి. ఒక గోడ మీద చెక్కపై పడుకున్న బక్కపలచటి పిల్ల. రెండో గోడ మీద ఆమె అంతిమ సంస్కారం, వెనకాల ఈ ఊరి బురుజులే! అవి చూసి బయటికొస్తే అవే బురుజులు ఎండలో నిలబడి ఉంటాయి.

అవి ఇలా మిగలడానికి కారణం ఊరు పడ్డ కష్టమే. 1348 ప్లేగులో జనం సగానికి సగం పోయారు. 1353లో ఊరు ఫ్లోరెన్స్ చేతికి చిక్కింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేకపోయింది. ఆ లేమి కాపాడిన ఊరినే 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సెప్టెంబరు వస్తే వెర్నాచ్చా ద్రాక్ష కోతలు. ఆ ద్రాక్షతో చేసే తెల్ల వైను ఇటలీలో ఊరి పేరుతో ప్రభుత్వ గుర్తింపు పొందినవాటిలో మొట్టమొదటిది, 1966లో. అక్టోబరులో కుంకుమపువ్వు వంతు. మనకు ఆ పేరు వింటే కశ్మీరమే గుర్తొస్తుంది. ఇక్కడా ఆ పంటకు ఏడువందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పొద్దున్నే, రేకులు విచ్చుకోకముందే లేత ఊదారంగు పూలు కోసుకొచ్చి, ఒక్కో పువ్వులోంచి మూడేసి ఎర్రటి పోగులు వేళ్లతో తీసి ఆరబెడతారు. గ్రాము కావాలంటే వందకు పైగా పూలు కోయాలి.

అటువైపు వెళ్లే వీలుంటే మార్చిలోనే వెళ్లండి. ముందు ఫీనా మందిరం చూడండి. ఆ తర్వాత బయటి మెట్ల మీద కూర్చుని, బురుజుల పగుళ్లలో ఆ పసుపు పూలు వెతకండి.