రెండు చక్రాలకూ ఒకేసారి

పల్లెలో పికప్ బండి ఒక్క ఇంటి సొత్తు కాదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో అది పత్తి మోస్తుంది, మక్కలు మార్కెట్‌కు చేరుస్తుంది, తిరుగుదారిలో ఎరువు బస్తాలు తెస్తుంది. దానికి ఎదురుగా సైకిళ్లమీద బడిపిల్లలు వస్తారు, గొర్రెల మందలు అడ్డుపడతాయి. కాబట్టి ఆ బండి సరిగా ఆగడం ఊరందరి క్షేమానికి సంబంధించిన సంగతి.

పత్తి ఏరే రోజులు దగ్గరపడిన సమయంలో మా బండి బ్రేకు తొక్కితే స్టీరింగు వణకసాగింది. పెడలు కాలికింద కొట్టుకుంటున్నట్లుండేది. చేతిలో ఉన్న డబ్బు కూలీలకు పెట్టుకున్నది. "పత్తి అమ్మినంక జూద్దాం" అన్న మాట ఇంట్లో వచ్చింది. అప్పుడు మా పెద్దవాడు, "బాపూ, గా పత్తిని మార్కెట్‌కు తీస్కపోయేది గీ బండే గదా?" అని అడిగాడు. దానికి ఎవరివద్దా జవాబు లేకపోయింది. మరునాడే చక్రాలు విప్పాము.

డిస్కు బ్రేకు పనిచేసే తీరు తెలుసుకోవడం కష్టం కాదు. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లాన్ని రెండు ప్యాడ్లు ఇరువైపులా నొక్కుతాయి. బండి వేగమంతా వేడిగా మారి ఆ పళ్లెంలోకి చేరుతుంది. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే ఇటువంటి బ్రేకుకు పేటెంటు పొందాడు. గాలి తగిలేలా బయటికి ఉండడంవల్ల డిస్కు డ్రమ్ముకంటే త్వరగా చల్లబడుతుంది. అయితే అరిగి పలుచబడిన డిస్కు అంత వేడిని ఓర్చుకోలేదు.

డిస్కు ఎంత మందం తగ్గేవరకు వాడవచ్చో సాధారణంగా దానిమీదనే అంకె పోసి ఉంటుంది. దానికంటే పలుచబడితే మార్చవలసిందే. కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ప్యాడు తగలని అంచు అరగక గట్టులా నిలిచిపోతుంది. వెర్నియర్‌ను ఆ గట్టుమీద పెడితే డిస్కు మంచిగా ఉన్నట్లే కనబడుతుంది. మేము డిస్కుకు ఇరువైపులా ఒక్కొక్క రూపాయి బిళ్ల ఆనించి కొలిచి, ఆ బిళ్లల మందం తీసివేశాము. ఎడమవైపుది హద్దు దాటింది. కుడివైపుది ఇంకా కొద్దిగా ఉన్నది.

"ఒక్కటే మారిస్తే కాదా బాపూ? సగం పైసలు మిగుల్తయి" అన్నాడు చిన్నవాడు.

"రెండు చక్రాలు ఒక్క తీరుగ పట్టాలె బిడ్డా. ఒకటి గట్టిగ, ఒకటి మెల్లగ పడితే బండి ఓ పక్కకు గుంజుతది."

రెండు డిస్కులూ, రెండువైపులా కొత్త ప్యాడ్లూ తెచ్చాము.

బండిని చదునైన గట్టినేలపై నిలిపి, వెనక చక్రాలకు దిమ్మెలు అడ్డంపెట్టి, చక్రాల నట్లు నేలమీద ఉండగానే వదులు చేశాము. జాకీతో ఎత్తిన తరువాత ఇనుప స్టాండ్లు పెట్టాము. ఒక్క జాకీని నమ్మి ఎవరూ బండికిందికి పోరాదు. విప్పిన కాలిపర్‌ను రబ్బరు గొట్టంమీద వేలాడనీయకుండా తీగతో కట్టాము. ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదలేదు. కొన్ని ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచాము.

మా బండికి డిస్కు హబ్బుమీదినుండి నేరుగా ఊడివస్తుంది. కొన్ని బండ్లకు హబ్బును, బేరింగును కూడా విప్పవలసి ఉంటుంది. ఆ పని తెలిసిన మెకానిక్‌కు అప్పగించడమే మంచిది. హబ్బుమీది తుప్పును శుభ్రంగా గీకివేశాము. ఆ తుప్పు పొర మిగిలితే కొత్త డిస్కు కూడా వంకరగా కూర్చుండి వణుకుతుంది. కొత్త డిస్కుకు పూసి ఉన్న నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిచాము. కాలిపర్ పిస్టన్‌ను లోపలికి నొక్కేటప్పుడు పైడబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగకుండా ఒకరు చూస్తూ నిలబడ్డారు. బోల్టులు ఎంత బిగించాలో బండి పుస్తకంలో చూసి, మెకానిక్ దగ్గర అడిగి తెచ్చిన టార్క్ పానాతో అంతే బిగించాము.

అంతా ముగిశాక బండి కదలకముందే పెడల్‌ను గట్టిపడేవరకు పలుమార్లు తొక్కాలి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది కనుక మొదటి తొక్కుడుకు బ్రేకు అందదు. తరువాత ఖాళీ దారిలో మెల్లగా నడిపి, వేగం తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేశాము. వణుకు పోయింది.

బ్రేకు ఎంత మంచిదైనా బరువుకు హద్దు ఉన్నది. మన ఉత్తర తెలంగాణవారు 2018 సెప్టెంబరు 11ను మరువలేరు. ఆనాడు కొండగట్టు ఘాటు దిగుతున్న బస్సు లోయలో పడి 50 మందికి పైగా చనిపోయారు. అందులో పరిమితికి మించి జనం ఉన్నారు. ఆదివారం ఆరాధనకు పోయేవారు మా బండి వెనక ఎక్కుతామని అడిగినప్పుడు "ఇది సామాన్ల బండి, మనుషులకు కాదు" అని చెప్పడం మాకూ కష్టమే. కొందరు చిన్నబుచ్చుకుంటారు. అయినను ఆ మాట చెప్పక తప్పదు.

ఆ ఏడు కూలీ డబ్బు పదిరోజులు ఆలస్యమైంది. సంగతి ముందే చెప్పినందున ఏరడానికి వచ్చిన అక్కలు ఓర్చుకున్నారు. ఎందుకంటే పత్తి దింపి తిరిగి వచ్చే బండికి ఎదురుగా నడిచి వచ్చేది వారి పిల్లలే. ప్రియ పాఠకులారా, మీ ఇంటి బండి ముందు చక్రాల్లోకి ఈ వారమే ఒకసారి తొంగిచూడండి. పంట డబ్బు వచ్చేవరకు ఆగవలసిన పనులు చాలా ఉంటాయి. ఇది వాటిలోనిది కాదు.