అత్త చెవి కమ్మలు

మూడు తరాలుగా మా యింట్లో యెవరూ కోర్టు గుమ్మం తొక్కలేదు. మగ్గం పని వెతుక్కుంటూ సేలం వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. తగాదా వస్తే వీధి పెద్దలు అరుగు మీద కూర్చుని తీర్చేవారు. అటువంటి మేము 2012లో మా మేనత్తను వెంటబెట్టుకుని కోర్టుకు వెళ్ళవలసివచ్చింది. ఆ సంగతి మరి నలుగురికి ఉపకరిస్తుందని యిక్కడ చెబుతున్నాము.

మామయ్య పోయిన తర్వాత చేతికి వచ్చిన డబ్బులో నాలుగు లక్షలు, తెలిసిన మనిషే కదా అని 2009లో ప్రోనోటు మీద అప్పిచ్చింది అత్త. అసలూ రాలేదు, వడ్డీ రాలేదు. అడిగితే రేపన్నాడు, మాపన్నాడు. ప్రోనోటుకు మూడేళ్ళ గడువు. మేము ప్లీడరుగారి గడప యెక్కేటప్పటికి యిరవై రోజులే మిగిలింది.

ప్లీడరుగారు లెక్క కట్టేరు. తమిళనాట ఆనాటి కోర్టు రుసుము నూటికి యేడున్నర. (2017లో దాన్ని మూడుకు తగ్గించారు.) అంటే ముప్ఫయి వేలు ముందు కట్టితేగాని దావా నడవదు. అత్తకు ఆధారం వొక కుట్టుమిషను. రవికెలు కుట్టి పొట్ట పోసుకుంటున్నది. మేము తలో కొంత వేసుకుందామన్నా సగానికి చాలలేదు.

“అయితే పాపరుగా వేద్దాం,” అన్నారు ప్లీడరుగారు.

అత్త ముఖం మాడిపోయింది. “యెవరి ముందూ చెయ్యి చాచినదాన్ని కాను. నన్ను పాపరని కాగితం మీద రాస్తారా? డబ్బు పోతే పోనీ, పదండి నాయనా,” అని లేచింది.

ప్లీడరుగారు కూర్చోబెట్టి చెప్పేరు. “ఆ మాట మా నోటికి అలవాటైపోయిందమ్మా. సివిల్ ప్రొసీజరు కోడు 33వ ఆర్డరులో పూర్వం వుండేది. 1976 సవరణలో తీసివేశారు. యిప్పుడు నిర్ధన వ్యక్తి అనే అంటారు. పైగా యిది దానం కాదు. రుసుము మాఫీ అయిపోదు, ముందు కట్టకుండా దావా నడుస్తుంది, అంతే. గెలిస్తే యెవరు కట్టాలో కోర్టు చెబుతుంది. రాబట్టిన సొమ్ములో సర్కారు రుసుముకే మొదటి హక్కు. ఓడితే మీరే కట్టాలి. అర్జీ పెట్టిన రోజే దావా వేసిన రోజుగా లెక్క గనుక గడువు భయమూ వుండదు.”

ఆ చివరి మాటకు అత్త మళ్ళీ కూర్చుంది.

ఆ రాత్రి మా యింట్లో ఆస్తి జాబితా రాశాము. కట్టుబట్టలు, వంట పాత్రలు, పరుపు, చేతిపనివారి పనిముట్లు — యివి అప్పుకు జప్తు చేయరానివి గనుక లెక్కలోకి రావని ప్లీడరుగారు చెప్పేరు. కుట్టుమిషనుకు భయం లేదన్నారు. అవి పోగా అత్తకు మిగిలింది చెవికమ్మల జత వొక్కటే. అవి పెళ్ళినాటివి. “వీటిని కూడా రాయాలా? అమ్మాయికి యిచ్చేస్తే?” అన్నది. ఆ మాటే మర్నాడు అడిగాము. “దాచినా తప్పే, అర్జీకి ముందు రెండు నెలల్లో మోసపు బుద్ధితో యితరులకు దాటవేసినా తప్పే. అర్జీ కొట్టేస్తారు. రాయండి,” అన్నారు. ఆరు వేలని వెల కట్టి రెండో పుటలో రాశాము. వేలిముద్ర వేయనని, తనకు సంతకం వచ్చునని అత్త తానే సంతకం చేసింది.

అర్జీ స్వయంగా దాఖలు చేయాలన్నారు. చేసింది. శిరస్తాదారు విచారణ జరిగింది. గవర్నమెంటు ప్లీడరుకూ ప్రతివాదికీ నోటీసులు వెళ్ళేయి. విడ్డూరమేమంటే, మూడేళ్ళు కనబడకుండా తిరిగిన పెద్దమనిషి, అత్తకు ఆస్తి వుందని చెప్పడానికి మాత్రం ఠంచనుగా కోర్టుకు వచ్చేడు! ఆయన ప్లీడరు అత్తను బోనులో నిలబెట్టి, “చెవులకు బంగారం పెట్టుకుని పేదరాలినంటున్నారే?” అని గద్దించేడు.

మా గుండెలు దడదడలాడేయి. అత్త మాత్రం తొణకలేదు. “అవి రెండో పుటలో వున్నాయి, చూడండి బాబూ,” అన్నది. ప్లీడరుగారు పుట తిప్పి, మరి ప్రశ్న వేయలేదు. ఆరు వేల కమ్మలతో ముప్ఫయి వేల రుసుము కట్టలేదని కోర్టు అర్జీ మంజూరు చేసింది.

2015లో డిక్రీ అయింది. రుసుము ప్రతివాదే సర్కారుకు కట్టాలన్నారు. అసలు ఆ తరువాత వాయిదాలలో వచ్చింది, కొంత యింకా రావాలి. కాని ఆ రోజు కోర్టు మెట్లు దిగుతూ అత్త అన్న మాట మాకు డబ్బుకంటె యెక్కువ. “లేనిదాన్ని లేదని చెప్పుకోవడం సిగ్గనుకున్నాను. దాచుకోవడమే సిగ్గు.”

మా అజ్ఞానం కూడా చెప్పుకోవాలి. 1987 న్యాయసేవల చట్టం 1995 నుంచి అమలులో వుంది. దాని ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత ప్లీడరూ, కోర్టు ఖర్చులూ అడిగే హక్కు వుంది. కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం వుంటుంది. మేము దాని ముందునుంచే పదిసార్లు నడిచిపోయాము! యిప్పుడు 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

మన కుటుంబాలలో మానం పెద్ద ఆస్తి. మంచిదే. కాని ఆ మానం పేరుతో న్యాయమైన బాకీని వదులుకుని యింట్లో కూర్చుంటే, లాభపడేది ఎగవేసినవాడే. అత్త చెవులకు ఆ కమ్మలు నేటికీ వున్నాయి.