తాడు ఎవరి చేతిలో ఉంది?

మేం చెంచులం. వెల్దుర్తి మండలంలో అడవి అంచున ఉన్న ఒక గూడెంలో పుట్టాం. డీఎడ్ చేసి ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఎక్కువ కాలం ముప్పాళ్ళ మండలంలోనే పిల్లలకు చదువు చెబుతున్నాం. ఇక్కడ అడవి లేదు. ఎటు చూసినా మిరప చేలు, పత్తి చేలు. ఇలాంటి చోట కూర్చుని ఆకాశం నుంచి దూకే మనిషి గురించి రాస్తున్నారేమిటని మీరు అనుకోవచ్చు. మా పాత విద్యార్థి ఒకడు అడిగిన మాటకు ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

2012 అక్టోబర్ 14న ఆస్ట్రియా దేశస్థుడు ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అమెరికాలోని న్యూమెక్సికోలో హీలియం బెలూన్‌కు కట్టిన గదిలో కూర్చుని దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళాడు. అక్కడి నుంచి కిందికి దూకాడు. అప్పుడు మన దగ్గర రాత్రి పదకొండున్నర దాటింది. గంటకు 1,357 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అంటే శబ్దాన్ని కూడా దాటిపోయాడు. నాలుగు నిమిషాలకు పైగా అలా పడి, తర్వాత పారాచూట్ తెరుచుకుని కాళ్ళ మీద నిలబడ్డాడు. పేపర్లో ఫొటో రాగానే ఐదో తరగతి పిల్లవాడొకడు దాన్ని కత్తిరించి తెచ్చాడు. అన్నం మెతుకులతో తరగతి గోడకు అతికించాడు. చాలాకాలం ఆ ఫొటో అక్కడే ఉంది. గురుత్వాకర్షణ గురించి, గాలి ఒత్తిడి గురించి చెప్పాల్సి వస్తే మేం దాన్నే చూపించేవాళ్ళం.

ఆ పిల్లవాడు ఎరుకల కాలనీ వాడు. ఇప్పుడు డిగ్రీ చదివి గ్రూప్ పరీక్షలకు తయారవుతున్నాడు. 2025 జులైలో ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "సార్, మన గోడ మీది మనిషి చనిపోయాడు" అన్నాడు. జులై 17న ఇటలీలో మోటారు బిగించిన పారాగ్లైడర్ మీద ఎగురుతూ కూలిపోయాడట. 56 ఏళ్ళు. ఇద్దరం కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం. అంత ఎత్తు నుంచి దూకి బతికినవాడు ఇలా పోయాడే అనిపించింది.

తర్వాత వాడు ఫోన్లో ఇంకో సంగతి చదివి వినిపించాడు. ఆ గొప్ప దూకుడు అయిన కొద్ది రోజులకే ఆస్ట్రియా పత్రిక ఒకటి రాజకీయాల్లోకి వస్తారా అని బామ్‌గార్ట్‌నర్‌ను అడిగిందట. ప్రజాస్వామ్యంలో ఏదీ కదలదని, కాస్త మితమైన నియంతృత్వం కావాలని, వ్యాపార రంగం నుంచి విషయం తెలిసిన కొద్దిమంది ఉంటే చాలని ఆయన అన్నాడు. అది చదివి మావాడు, "నిజమే కద సార్. పోయిన ఏడాది మన పల్నాడులో చూశాం కదా. ఈ ఓట్లూ గొడవలూ ఎందుకు? గట్టివాడు ఒక్కడుంటే చాలదా?" అన్నాడు.

వాడి బాధ మాకు తెలుసు. 2024 మే 13న మేం పోలింగ్ డ్యూటీలో ఉన్నాం. పల్నాడులో ఆ రోజు, ఆ తర్వాత గొడవలు జరిగి 144 సెక్షన్ పెట్టారు. కొట్టుకున్నవాళ్ళు ఎవరైనా భయపడింది మాత్రం కాలనీల్లో ఉండే మనలాంటి వాళ్ళే. వాడి ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. అయినా మేం "అట్లా అనకూడదురా" అని మాత్రమే అన్నాం. పిల్లవాడి చేత పుస్తకం మూయించే మాట అది. జవాబు కాదు.

బామ్‌గార్ట్‌నర్ చాలా విషయాల మీద మాట్లాడాడు. అంగారకుడి మీదికి పోవడానికి ఇంత డబ్బు పోయడం దండగ, ఆ డబ్బుతో ఈ భూమిని కాపాడుకోవాలి అన్నాడు. 2016లో హంగరీ ప్రధాని ఓర్బాన్‌కు నోబెల్ శాంతి బహుమతి ఇవ్వాలన్నాడు. భూమిని కాపాడుకోవాలన్న మాట మాకు నచ్చింది. నియంత మాట నచ్చలేదు. అయితే నచ్చినా నచ్చకపోయినా, 39 కిలోమీటర్ల పైనుంచి దూకినందువల్ల ఆ మాటలకు బరువు పెరగదు. ఆకాశం గురించి చెబితే ఆయన మాట వినాలి. పంచాయతీ గురించి చెబితే మన ఊరి మనిషి మాటను ఎట్లా పరీక్షిస్తామో ఆయన మాటనూ అట్లాగే పరీక్షించాలి.

ఆకాశం గురించి ఆయన చెప్పినవాటిలో పిల్లలకు తప్పక చెప్పాల్సింది ఒకటుంది. దూకడానికి వేసుకోవాల్సిన ఒత్తిడి సూట్ అంటే ఆయనకు భయం పట్టుకుంది. అందులో గంటలకొద్దీ ఉండలేక, ఊపిరాడనట్టయి, శిక్షణ మధ్యలో ఇంటికి వెళ్ళిపోయాడు. మనస్తత్వ నిపుణుడి సాయంతో ఆ భయాన్ని తగ్గించుకుని తిరిగి వచ్చాడు. ఇదంతా తానే నలుగురికీ చెప్పాడు. హాస్టల్లో చేరిన వారానికే భయపడి ఇంటికి పారిపోయే మన పిల్లలకు ఈ సంగతి పనికొస్తుంది.

ఇంకో సంగతి. ఆ రోజు ఆయన ఒక్కడే దూకాడు కానీ ఒంటరిగా దూకలేదు. కింద రేడియోలో ఆయనతో మాట్లాడుతూ ఉన్నది జో కిటింజర్ అనే 84 ఏళ్ళ పెద్దాయన. 1960లో 31 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకి, ఆ రికార్డును 52 ఏళ్ళు తన పేరున ఉంచుకున్నవాడు. తన రికార్డును కొట్టబోతున్నవాడికి ఆయనే దారి చెప్పాడు. పైకి వెళ్తుండగా హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టింది. ఆపుదామా, సాగుదామా అని పైనా కిందా అందరూ కలిసి ఆలోచించాకే ముందుకు వెళ్ళారు.

మామూలు స్కైడైవింగ్‌లోనూ పద్ధతి ఇదే. వీపు మీది సంచిలో రెండు పారాచూట్లు ఉంటాయి. మొదటిది తెరుచుకోకపోతే రెండోది. ఆ రెండోదాన్ని లైసెన్స్ ఉన్నవాడు మడిచి, ముద్ర వేసి, తేదీ రాసి సంతకం పెడతాడు. దూకినవాడు స్పృహ తప్పినా ఒక ఎత్తుకు రాగానే దాన్ని తెరిచే చిన్న యంత్రం కూడా సంచిలో ఉంటుంది. ఎంత అనుభవం ఉన్నవాడైనా "నాకు తెలుసు, తనిఖీ అక్కర్లేదు" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఒక్కడి మీదే నమ్మకం పెట్టుకోకూడదనే ఆ ఆట నియమాలన్నీ రాసుకున్నారు. ఆ ఆటలో పేరు తెచ్చుకున్న మనిషే దేశాన్ని మాత్రం కొద్దిమంది చేతిలో పెట్టమన్నాడు.

ఇది ఆలోచిస్తుంటే మా నాయన గుర్తుకొచ్చాడు. ఎండాకాలంలో చీకటి పడ్డాక మా వాళ్ళు కొండ తేనె తీయడానికి పోయేవాళ్ళు. కొండ చరియ అంచున చెట్టుకు తాడు కట్టి, పొగ పట్టుకుని, నాయన కిందికి దిగేవాడు. కింద చూస్తే లోయ, ముఖం చుట్టూ పెద్ద తేనెటీగలు. పైన తాడు దగ్గర కూర్చునేది మా మేనమామ, అంటే నాయనకు బావమరిది. సొంత తమ్ముడున్నా తాడు అతనికి ఇచ్చేవాళ్ళు కాదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే అవ్వ చెప్పింది: తాడు తెగితే వాడి అక్క బతుకు పోతుంది, అందుకని వాడు తాడు వదలడు.

అవ్వకు చదువు రాదు. కానీ రాజకీయం గురించి మేం విన్నవాటిలో ఇంతకంటే మంచి మాట లేదు. ఎవరికి ఎక్కువ తెలుసు అని అవ్వ చూడలేదు. పడితే దెబ్బ ఎవరికి తగులుతుంది అని చూసింది. దెబ్బ తగిలేవాళ్ళ చేతిలో తాడు పెట్టింది.

"విషయం తెలిసిన కొద్దిమంది" పాలన మన జాతులకు కొత్త కాదు. అబ్బాయ్, నీ ముత్తాతల కాలంలో ఆ కొద్దిమంది కూర్చుని కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్తులని 1871లో చట్టం రాశారు. తర్వాత దాన్ని మన మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకలవాళ్ళు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. మన పక్కనే బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా పుట్టిందే. 1913లో పెట్టిన ఆ సెటిల్మెంటుకు ఒక ఆంగ్లేయ అధికారి పేరు పెట్టారు. అందులో ఉంచిన మనుషులను ఎవరూ అడగలేదు. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయింది 1952లో, మనకు ఓటు వచ్చాక. ఓటు ఉన్నా కష్టాలు పోలేదు, నిజమే. కానీ ఓటు లేనప్పుడు ఏం జరిగిందో మీ ఇంట్లో ముసలివాళ్ళను అడిగితే తెలుస్తుంది.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. హక్కు ఎవరిదో, ఎంతవరకో తేల్చే పని గ్రామసభతోనే మొదలవ్వాలని అందులో ఉంది. సభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి అని 2012లో నియమం మార్చారు. మా గూడెంలో సభ పెట్టిన రోజు మేం సెలవు పెట్టి వెళ్ళాం. వచ్చిన ఉద్యోగి ముందే గీసిన పటం తెచ్చి వేలిముద్రలు వేయమన్నాడు. చదువుకున్న మేం పటం చూసి తల ఊపాం. మా మేనమామ మాత్రం, "అయ్యా, దీంట్లో తేనె చరియ ఏది?" అని అడిగాడు. లేదు. వాగు అవతల సగం అడవి ఆ పటంలో లేదు. అప్పుడు ఆడవాళ్ళు లేచి తునికాకు ఎక్కడ కోస్తారో, గడ్డలు ఎక్కడ తవ్వుతారో ఒక్కొక్కటే చెప్పారు. ఆ రోజు వేలిముద్రలు పడలేదు. మళ్ళీ గీసిన పటం మీద సంతకాలైనా పట్టా కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నారు. గెలిచామని చెప్పలేం. కానీ గట్టివాడు ఒక్కడికే అప్పగించి ఉంటే ఆ చరియ కాగితం మీద కూడా ఉండేది కాదు. డీఎడ్ సర్టిఫికెట్ ఉన్న మేమే దాన్ని పోగొట్టేవాళ్ళం. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. 2014 మే 25న మన గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆ ఫొటో ప్రతి బడిలో ఉండాలి. బామ్‌గార్ట్‌నర్ ఫొటో కూడా ఉండనివ్వండి. కానీ ఫొటో చూపించిన రోజే, ఎవరెస్టు మీద తాళ్ళు కట్టిన షెర్పాల గురించి, రేడియో ముందు కూర్చున్న 84 ఏళ్ళ పెద్దాయన గురించి కూడా చెప్పండి. తాడు ఎవరు పట్టుకున్నారని పిల్లల చేత అడిగించండి. తర్వాత మీ ఊళ్ళో గ్రామసభ ఎప్పుడో కనుక్కుని, పెద్ద పిల్లలను తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టండి.

మా పాత విద్యార్థికి ఇదంతా చెప్పాం. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "గ్రామసభకు ఎవరొస్తారు సార్, అందరూ కూలికి పోతారు" అన్నాడు. అదీ నిజమే. వచ్చే ఎండాకాలం తేనె రోజుల్లో మాతో గూడెం వస్తానన్నాడు. మా మేనమామ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. తాడు ఆయన కొడుకు పట్టుకుంటున్నాడు. ముసలాయన పక్కనే కూర్చుని ముడి సరిగ్గా పడిందో లేదో చూసి చెబుతాడు.